అరవై దాటాక రంగు పెన్సిళ్లు: ఒక పండుటాకును గీద్దాం

నమస్కారం. అరవై దాటిన తరువాత బొమ్మలు వేయడం మొదలుపెట్టినవారి కోసం, మొదలుపెట్టాలని ఉన్నా రేపు, మాపు అంటూ వాయిదా వేస్తున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. నేను కూడా ఉద్యోగ విరమణ తరువాతే రంగు పెన్సిల్ పట్టుకున్నాను. ఈరోజు మనం గీయబోయేది ఒక పండుటాకు. మన వయసువారిని పండుటాకులనడం లోకంలో ఉన్నదే కనుక నమూనా కోసం నేను పెద్దగా వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

ముందుగా కంటి సంగతి చూద్దాం. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది. దానివల్ల లోపలికి చేరే వెలుగు తగ్గి, నీలం, ఊదా రంగులు ముఖ్యంగా మసకబారినట్టు కనిపిస్తాయి. ముదురు నీలం పెన్సిల్ అనుకుని నలుపుతో నీడ వేసి, మరునాడు పగటి వెలుగులో చూసుకుని నాలుక కరుచుకున్న రోజులు నాకున్నాయి. అందువల్ల 5000 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే కొలత, దీపం పెట్టె మీద రాసి ఉంటుంది) ప్రాంతంలో ఉండే తెల్లని దీపాన్ని, మీది కుడిచేతి వాటమైతే ఎడమవైపు, ఎడమచేతి వాటమైతే కుడివైపు పెట్టుకోండి. చదువుకునే కళ్లద్దాలు బొమ్మ వేసే దూరానికి సరిపోకపోవచ్చు. కంటికీ కాగితానికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి కంటి డాక్టరుకు చెబితే ఆ దూరానికి తగిన అద్దాలు ఇస్తారు.

ఇక పెన్సిళ్లు. రంగు పొడిని మైనంతో గాని నూనెతో గాని కలిపి లోపలి ములుకును తయారు చేస్తారు. మైనపు రకం మెత్తగా పరుచుకుంటుంది. నూనె రకం కాస్త గట్టిగా ఉండి మొనను ఎక్కువసేపు నిలుపుకుంటుంది. పెద్ద పెట్టె చూసి మోజుపడవద్దని నా సలహా. మంచివి 24 ఉంటే చాలు. అయితే వెలుగుకు వెలిసిపోని రంగులేనా అన్నది మాత్రం తప్పక చూడండి. నేను వేసిన మొదటి గులాబీని కిటికీ ఎదుటి గోడకు తగిలిస్తే కొన్ని నెలలకే పువ్వు పాలిపోయి ఆకులు మాత్రం పచ్చగా మిగిలాయి. చాలా కంపెనీలు ఈ మన్నికను పెన్సిల్ మీద నక్షత్రాల గుర్తులతో సూచిస్తాయి. రంగు పెన్సిళ్ల కోసం ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ రూపొందించిన డి 6901 అనే ప్రమాణం ప్రత్యేకంగా ఉంది. కాగితం 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం మందాన్ని తెలిపే కొలత) పైబడినది, నున్నగా కనిపించినా వేలికి సన్నని గరుకు తగిలేది తీసుకోండి. ఆ గరుకే రంగును పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు ఆకు దగ్గరకు వద్దాం. తెంపిన ఆకు గంటల్లోనే ముడుచుకుపోతుంది కనుక ముందే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆకు అంచును తేలికగా గీసి, ఆకు మీది ఈనెల (నరాల) కోసం ఇంకు అయిపోయిన బాల్‌పెన్ తీసుకోండి. కాగితం మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, ఈనెల వెంట ఆ పెన్నుతో ఒత్తి గీస్తే కింద సన్నని గాడులు పడతాయి. తరువాత రంగు వేసినప్పుడు పెన్సిల్ ఆ గాడుల మీదుగా దాటిపోతుంది, ఈనెలు తెల్లగా మిగులుతాయి. వణికే చేత్తో రంగుల మధ్య సన్నని తెల్ల గీతను వదలడం కంటే ఇది ఎంతో సులభం.

పెన్సిల్‌ను మొన దగ్గర కాక కొంచెం వెనుకగా పట్టుకోండి. వేళ్ల కీళ్లు నొప్పిగా ఉంటే స్పాంజి తొడుగు వేసుకోండి. చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు, పెన్సిల్ బరువే రంగు వేస్తున్నదా అన్నంత తేలికగా, నిమ్మపసుపుతో మొదటి పొర వేయండి. దాదాపు ఏమీ కనిపించదు. కనిపించడం లేదని నొక్కితే అక్కడే చిక్కు వస్తుంది, ఎందుకంటే గరుకు ఒక్కసారిగా నిండిపోయి పై పొర జారిపోతుంది. నా మొదటి 10 బొమ్మలూ ఇలాగే మైనపు పలకల్లా తయారయ్యాయి. రెండో పొర ఓకర్, అంటే మట్టిరంగు కలిసిన పసుపు. నీడ ఉన్నచోట నలుపు వద్దు, లేత ఊదా వేయండి. పసుపుకు ఎదురు రంగు ఊదా కనుక ఆ రెండూ కలిసినచోట నిజమైన ఎండుటాకు గోధుమరంగు పుడుతుంది. ఇలా ఆరేడు పొరలు పడతాయి. 20 నిమిషాలకు ఒకసారి లేచి మెడ తిప్పుకోండి.

పొరల మీద పొరలు అంటే నాకు మేరీ డెలానీ గుర్తుకు వస్తుంది. 1700లో పుట్టిన ఆ ఇంగ్లండు మహిళ 70 దాటాక రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, ఒకదానిపై ఒకటి అంటిస్తూ పువ్వుల బొమ్మలు చేయడం ప్రారంభించింది. చూపు మందగించి మానుకునేసరికి దాదాపు వెయ్యి పూర్తయ్యాయి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

చివరి పొరకు లేత క్రీము పెన్సిల్ తీసుకుని, ఈసారి మాత్రం గట్టిగానే రుద్దండి. రంగు మధ్య కనిపించే కాగితపు తెల్ల చుక్కలు మూసుకుపోయి ఆకుకు మెరుపు వస్తుంది. దీని తరువాత మరో పొర ఎక్కదు కనుక అంచుల గోధుమరంగు మచ్చలన్నీ ముందే పూర్తి చేసుకోండి. మైనపు పెన్సిళ్లతో వేసిన బొమ్మపై కొద్ది వారాలకు బూజులాంటి తెల్లని పొర తేలవచ్చు. బొమ్మ పాడైందని కంగారు పడకండి. అది పైకి వచ్చిన మైనమే. మెత్తని గుడ్డతో సుతారంగా తుడిచి, గాలి ఆడే చోట ఫిక్సేటివ్‌ను (రంగు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రేను) పలుచగా రెండుసార్లు కొట్టి ఆరనివ్వండి.