ఒరిగిన చెట్ల లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే దారిలో కాలువ గట్టు దిగితే మా ఊరు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం చర్చిలో, మేం మందిరమంటాం, నా వంతు వస్తే బైబిలు వాక్యం చదువుతాను, అంతకుమించి బోధకుణ్ణేమీ కాదు. తెలుగు మేష్టార్లకి మాటల పిచ్చి ఉంటుంది కాబట్టి ఒక మాట పట్టుకునే మొదలుపెడతాను. శోధన.

తుఫాను, జబ్బు, అప్పు, ఇలా మీద పడ్డ కష్టాన్ని బైబిల్లో శోధన అంటారు. తప్పు చెయ్యమని మనసు లాగుతుంటే దాన్నీ శోధనే అంటారు. కొత్త నిబంధన రాసిన గ్రీకులోనూ ఇంతే, 'పెయిరాస్మోస్' అనే ఒక్క మాటే రెండింటికీ సరిపెట్టారు. ఇంగ్లీషులో చక్కగా రెండు వేరే మాటలున్నాయి కదా, మనవాళ్ళు ఎందుకిలా కలిపేశారని చదువుకునే రోజుల్లో విసుక్కునేవాణ్ణి. ఎందుకు కలిపారో 1996లో మా కొబ్బరితోటలో తెలిసింది.

ఆ ఏడు నవంబరు 6, బుధవారం. ఆ రాత్రి తుఫాను గాలి ఎలా వీచిందో కోనసీమలో నా వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు చేపల వేటకెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి గాని మనుషులం మిగిలాం. తెల్లారి పెరటి తలుపు తీస్తే ముందు కనబడింది ఆకాశం. కొబ్బరాకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా తప్ప మా పెరట్లో ఎప్పుడూ ఆకాశం ఉండేది కాదు. ఆ రోజు మొత్తం ఉంది.

ఆ ఆదివారం మందిరంలో యాకోబు పత్రిక, అంటే కొత్త నిబంధనలో యాకోబు రాసిన ఉత్తరం, మొదటి అధ్యాయం చదివారు. నానావిధములైన శోధనలలో పడునప్పుడు అది మహానందమని యెంచుకొనుడి, అని. నా పక్కన కూర్చున్నాయన తమ్ముడి శవం అప్పటికింకా దొరకలేదు. ఆయన తల దించుకునే ఉన్నాడు. వాక్యం తప్పని నేననను. అది చావు జరిగిన ఇంట్లో ఇంకొకరు చదివి వినిపించే మాట కాదు, అంతే. ఎవరి కష్టంలో వాళ్ళు, ఏళ్ళు గడిచాక, తమకు తాము చెప్పుకోవలసిన మాట. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు మొదట చేసిన పని నాకు నచ్చుతుంది. ఏడు రోజులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే పాడుచేశారు.

సరే, చెట్ల సంగతికి వస్తాను. కొన్నాళ్ళకి పడిన చెట్ల లెక్క రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. చెట్టుకింత అని పరిహారం వస్తుందన్నారు. నాన్న, నేను, ఆయన కలిసి తోటంతా తిరిగాం. వేళ్ళతో సహా లేచిపోయినవీ మొవ్వు విరిగినవీ కలిపి ముప్పై ఏడు. ఇవి కాక పద్నాలుగు ఒరిగాయి. ఒరిగాయంతే, పడలేదు. ఆకు పచ్చగానే ఉంది, గెలలు వేలాడుతున్నాయి.

"యాభై ఒకటి రాసేయనాండీ? ఒరిగినవి ఎలాగూ నిలవవు కదా. అందరూ అలాగే రాయిస్తున్నారు," అన్నాడాయన. మంచి మనిషే, మా మేలు కోరే అన్నాడు.

నాన్న ఏమీ అనలేదు. నేనే అన్నాను, "అవును నాన్నా, రేపో మాపో పడేవేగా." నిజానికి తోటలోకి దిగినప్పుడే నా మనసులో యాభై ఒకటి లెక్క కట్టేసుకున్నాను. ఎవరూ చెప్పకముందే.

ఇక్కడ ఇంకో గ్రీకు మాట చెప్పాలి, విసుక్కోకండి. ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడి, మరులు కొల్పబడి శోధనలో పడతాడని యాకోబు అదే అధ్యాయంలో రాశాడు. మరులు కొల్పడం అని మనవాళ్ళు అందంగా తెలుగు చేసిన ఆ మాట అసలు గాలానికి ఎర గుచ్చి లాగడానికి వాడేది. ఇది గోదారి జిల్లాల వాళ్ళకి విడమర్చి చెప్పాలా? కొరమేను ఏ ఎరకి వస్తుందో కొరమేనుని బట్టి ఉంటుంది. ఆ తోటలో ఎరా నాదే, ఆకలీ నాదే. దేవుడు నన్ను శోధిస్తున్నాడని ఎవడూ అనకూడదని పై వచనంలోనే ఉంది. తుఫానుని దేవుడి మీద పెట్టినంత తేలిగ్గా ఆ పద్నాలుగు చెట్లనీ ఆయన మీద పెట్టెయ్యాలని చూశాను నేను. ఇంత నష్టం చేశాడు, ఈ కాస్తా ఇవ్వడా అని.

యేసు ప్రభువు నలభై రోజులు ఉపవాసముండి ఆకలిగొన్నాకే కదా రాళ్ళను రొట్టెలు చేసుకోమని అపవాది, అంటే సాతాను, వచ్చాడు. కడుపు నిండినవాడి దగ్గరికి రొట్టెతో వాడు రాలేదు. కష్టం ముందు వచ్చి వెళ్ళిపోతుంది, దాని వెనకాలే, అది తెరిచిన తలుపులోంచే రెండోది వస్తుంది. రెండింటికీ ఒకటే మాట ఎందుకో నాకు అప్పుడర్థమైంది.

నాన్న ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు. చాలాసేపు పట్టింది. ఆ లోపల ఆయన ఏం చేశారో నేను అడగలేదు. బయటికొచ్చి, "ముప్పై ఏడే రాయండి," అన్నారు. గొంతులో గొప్పేమీ లేదు, కాస్త నీరసంగానే అన్నారు.

ముప్పై ఏడుకి దేవుడు డెబ్భై నాలుగు ఇచ్చాడని చెబితే మందిరంలో చెప్పే సాక్ష్యం బాగా రక్తి కడుతుంది. అలా జరగలేదు. వచ్చిన డబ్బు ఇంటి పెంకులకే చాలలేదు. తమ్ముడి కాలేజీ ఫీజుకి నాన్న వడ్డీకి తెచ్చారు. "ఏవండీ, ఆ పద్నాలుగూ రాయించి ఉంటేనా," అని అమ్మ ఏళ్ళ తరబడి దెప్పింది, ఆవిడా ప్రార్థనపరురాలే. కొత్తగా వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. ఆ ఆరేడేళ్ళూ దింపు తీసిన ప్రతిసారీ కాయలు లెక్కపెట్టుకుని నిట్టూర్చేవాళ్ళం. సహించడమంటే మాకు తెలిసింది అదే. ఒరిగిన పద్నాలుగులో మూడు చచ్చిపోయాయి. పదకొండు వంకరగానే కాశాయి.

శోధనతో పాటు తప్పించుకొను మార్గము కూడా దేవుడు కలుగజేస్తాడని కొరింథీయులకు పౌలు రాశాడు. ఈ మాట వింటే నాకు మా మురుగు కాలువలు గుర్తొస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మనకి నీళ్ళు తెచ్చే కాలువ మీద ఉన్న ప్రేమ, నీళ్ళు తీసుకెళ్ళే డ్రెయిను మీద లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తియ్యం, గుర్రపుడెక్క పీకం. వాన పడి చేలు మునిగాక, పార పట్టుకుని పరిగెత్తుతాం. మార్గం ఉంటుంది, పూడుకుపోయి ఉంటుంది. నాన్న లోపలికెళ్ళిన ఆ పది నిమిషాలూ ఉత్త పది నిమిషాలు కావు. ఏళ్ళుగా తెల్లారుజామున నాలుగింటికి లేచి మంచం పక్కన మోకరించిన మనిషి ఆయన. ఆయన డ్రెయిను బాగు చేసి ఉంది. నాది లేదు.

ఇప్పటి పిల్లలకి ఎర జేబులోనే ఉంటోంది. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు వనామీ రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నిద్రపోకూడదు. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల హోరు, చీకటి, చేతిలో ఫోను. నిద్ర ఆపుకోవడానికని పేకాట మొదలెట్టాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు గాని, దొడ్డిదారులు ఉండనే ఉన్నాయి. నాలుగు నెలల జీతం పోయాక మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ప్రార్థన చేస్తున్నాను మేష్టారూ, మళ్ళీ ఆడుతున్నాను," అన్నాడు.

నేను వాక్యం చెప్పలేదు. ముందు ఆ ఫోను వాళ్ళావిడ చేతికిచ్చి, బటన్ల ఫోను కొనుక్కోమన్నాను. ఇది భక్తి కాదేమో అని అడిగాడు. శోధనలోకి తేవద్దని రోజూ ప్రార్థన చేస్తూ, ఆ శోధనని దిండు కింద పెట్టుకుని పడుకోవడం ఏం భక్తిరా అన్నాను. కొనుక్కున్నాడు.

అపవాది యేసుని కొంతకాలమే విడిచిపోయాడని లూకా రాశాడు. మా కుర్రాడికి ఆ కాలం సంక్రాంతికి తీరుతుంది. ఊరి చివర కోడిపందేల బరి కడతారు, మూడు రోజులూ లైట్లు, మైకులు, జూదమాడే గుండాట బల్లలు, జేబులో పండగ డబ్బులు. మొన్న ఆదివారం మందిరం అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, టెన్షన్‌గా ఉంది మేష్టారూ, అన్నాడు. ఆ మూడు రాత్రులూ నేనూ చెరువు దగ్గరికి వచ్చి పడుకుంటానన్నాను.

"మందపాటి దుప్పటి తెచ్చుకోండి," అన్నాడు, "గట్టు మీద మంచు బాగా కురుస్తుంది."