షూటింగ్ అయిపోయింది, డబ్బులూ అయిపోయాయి

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ బెంగళూరు మారతహళ్ళి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మాది మదనపల్లె. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాల్లో ఊరికెళ్ళి టమాటా మార్కెట్‌లో మూటలు మోసే ఒకావిడ మీద సినిమా తీశాను. నటులంతా మా ఊరివాళ్ళే. ఎడిటింగ్ దాకా లాక్కొచ్చాను, సౌండ్ పనికి డబ్బుల్లేవు. ఒకాయన హక్కులన్నీ రాసిచ్చేస్తే మూడు లక్షలిస్తానంటున్నారు. లేదంటే నా నగలు తాకట్టు పెట్టాలి. సత్యజిత్ రాయ్ కూడా భార్య నగలు తాకట్టు పెట్టారు కదా సార్?

అతిథి: పెట్టారమ్మా. ఆ డబ్బూ చాలక షూటింగ్ నెలల తరబడి ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చాకే ఆయన మొదటి సినిమా 'పథేర్ పాంచాలి' పూర్తయి 1955లో విడుదలైంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీ నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

కాలర్: మరి హక్కులు అమ్మేయమంటారా?

అతిథి: వద్దమ్మా! థియేటర్, శాటిలైట్, డిజిటల్, డబ్బింగ్, రీమేక్... వేటికవే వేరే హక్కులు. మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియాకే. ఆయన కాగితంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉందేమో చూడండి. వకీలుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు. నటులతో, సంగీతం ఇచ్చినవాళ్ళతో అగ్రిమెంట్లు ఉన్నాయా?

కాలర్: లేవు సార్, అందరూ తెలిసినవాళ్ళే.

అతిథి: తెలిసినవాళ్ళు కాబట్టి ఇప్పుడే రాయించుకోండి. ఓటీటీ వాళ్ళు అవి లేకుండా ముందుకు రారు. సౌండ్ లైవా, అంటే షూటింగ్‌లోనే రికార్డు చేసిందా?

కాలర్: లైవే. మార్కెట్‌లో వేలంపాట కేకలన్నీ నిజమైనవే. రెండు సీన్లలో మాత్రం బోరు మోటారు మోత.

అతిథి: ఆ రెండు సీన్లకే డబ్బింగ్ చెప్పించండి, మిగతా మాటలు శుభ్రం చేయిస్తే చాలు. ఆ వేలం కేకలు ఏ స్టూడియోలోనూ పుట్టవమ్మా, వాటి జోలికి పోవద్దు. థియేటర్ కోసం శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ ఖర్చు తర్వాత చూసుకోవచ్చు. ముందు రఫ్ కట్, అంటే తుది మెరుగులు దిద్దని సినిమా, నలుగురికీ చూపించండి. గోవాలో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్ జరుగుతుంది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. పూర్తికాని సినిమాల కోసమే అక్కడ వర్క్-ఇన్-ప్రోగ్రెస్ ల్యాబ్ ఉంది, దానికి పంపండి. మీ బెంగళూరులోనే 2013లో 'లూసియా' అనే కన్నడ సినిమా ప్రేక్షకులు వేసుకున్న డబ్బుతో వచ్చింది. ఆ దారీ ఆలోచించండి.

కాలర్: ఫ్రెండ్స్ యూట్యూబ్‌లో పెట్టేయమంటున్నారు సార్.

అతిథి: ఇప్పుడే వద్దు. ఒకసారి నెట్‌లో పెడితే చాలా ఫెస్టివల్స్ తీసుకోవు. మీ రఫ్ కట్ నాకూ పంపండమ్మా, చూడాలనుంది.

వ్యాఖ్యాత: లైన్‌లోనే ఉండండి, మా వాళ్ళు మీ నంబరు తీసుకుంటారు.