చిన్న తెరచాప పడవలోకి నీరు ఎక్కడి నుంచి దూరుతోంది?

నమస్కారం. మనం ఇప్పుడు విశాఖపట్నంలో, జెట్టీకి కట్టి ఉన్న 22 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ క్యాబిన్‌లో ఉన్నాం. నడిమి బల్ల ఎత్తి చూపిస్తున్నాను, చూడండి: పడవ అడుగున ఉండే ఈ గుంటను బిల్జి అంటారు, ఇందులో నాలుగు వేళ్ల లోతున నీరు నిలిచి ఉంది. నిన్న సాయంత్రం స్పాంజితో చుక్క లేకుండా తుడిచి వెళ్లాను. రాత్రి వాన కురిసిన మాట నిజమే కానీ, వాన కురిసింది కదా అని నేరం వెంటనే వాన మీద మోపకూడదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. నీరు కనిపించే చోటు వేరు, నీరు దూరే చోటు వేరు. ఈ పడవలోనే ఒకప్పుడు ఎడమవైపు కిటికీ కింద పరుపు తడుస్తూ ఉండేది. కిటికీ చుట్టూ మూడుసార్లు సీలెంట్ పూశాను, మూడుసార్లూ మళ్లీ తడిసింది. చివరికి తేలిందేమిటంటే, తెరచాప కట్టే నిలువు కొయ్యను పక్కలకు లాగి పట్టే తీగలను డెక్కుకు, అంటే పడవ పైతలానికి, బిగించే స్టీలు పట్టీ, అంటే చైన్‌ప్లేట్, కిటికీకి రెండు అడుగుల ముందు ఉంది. నీరు అక్కడ దూరి, లోపలి పలక వెనుక నుంచి జారి వచ్చి, కిటికీ అంచున బొట్లుగా రాలుతోంది. నేను కిటికీకి పూతలు పూస్తున్నంత కాలమూ ఆ పట్టీ కింది ప్లైవుడ్ నానుతూనే ఉంది, దానిని కోసి మార్చవలసి వచ్చింది. అందుకే నీరు లోపలికి వచ్చే క్షణాన్ని కంటితో చూసే వరకు సీలెంట్ ట్యూబు మూత తీయవద్దని ఎవరికైనా చెబుతాను.

మొదట తేల్చవలసింది ఇది ఉప్పునీరా, మంచినీరా అన్నది. ఉప్పునీరైతే నీటిమట్టానికి దిగువన ఎక్కడో దారి ఉన్నట్టు. మంచినీరైతే వాన నీరు గాని, పడవలోని మంచినీటి ట్యాంకు నీరు గాని కావాలి. నాలుక కొనకు తాకించి ఉమ్మివేస్తే చాలంటారు గాని, బిల్జి నీటిలో డీజిలు, నూనె కలిసి ఉంటాయి కనుక నేను ఆ పని చేయను. పైగా రుచి మోసం చేస్తుంది. డెక్కు మీద ఎండిన ఉప్పును కడుగుతూ వచ్చిన వాన నీరు కొంచెం ఉప్పగానే ఉంటుంది. వానాకాలం వెళ్లాక మన తీరంలో సముద్రమే మామూలు కంటే పలచబడుతుంది, ఎందుకంటే గంగ, మహానది వంటి నదుల వరదనీటిని అక్టోబరు, నవంబరు నెలల ప్రవాహం ఒడ్డు వెంట దక్షిణానికి మోసుకొస్తుంది.

కాబట్టి పోల్చి చూద్దాం. ఈ స్టీలు గరిటెలో బిల్జి నీరు ఒక చెంచా, ఆ గరిటెలో పడవ పక్కన ముంచిన సముద్రపు నీరు ఒక చెంచా పోశాను. రెండింటినీ ఒడ్డున సన్నటి మంట మీద ఆవిరి చేసి తెచ్చాను. సముద్రపు నీటి గరిటెలో తెల్లటి పెచ్చు కట్టింది. బిల్జి నీటి గరిటెలో పలచని మరక మాత్రమే మిగిలింది. ట్యాంకు ఖాళీగా ఉంది కనుక అనుమానం వాన మీదికే పోతోంది.

అయినా నీటిమట్టం కింది భాగాలను చూడకుండా నేను పైకి వెళ్లను, ఎందుకంటే వాన నీరు పడవను పాడుచేస్తుంది గాని, కింది రంధ్రం పడవను ముంచేస్తుంది. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి సుమారు 40 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. ఇదిగో, పడవ గోడలోంచి బయటికి వెళ్లే గొట్టానికి ఉన్న వాల్వు. దీనిని మూసి, తెరిచి చూడాలి. ఇత్తడిదైతే చాకుతో కొద్దిగా గీకి చూడండి. పసుపు రంగు బదులు గులాబీ రంగు కనిపిస్తే అందులోని జింకు ఉప్పునీటికి కరిగిపోయిందని, ఇక ఆ వాల్వును నమ్మరాదని అర్థం. పైపుకు రెండు క్లిప్పులు ఉండాలి, తుప్పు క్లిప్పు అడుగుభాగంలోనే మొదలవుతుంది కనుక వేలితో తడిమి చూడాలి. ఇంజను షాఫ్టు బయటికి వెళ్లేచోట గ్లాండ్ ప్యాకింగ్, అంటే నీరు రాకుండా షాఫ్టు చుట్టూ కూరే తాడు, ఉంటే, షాఫ్టు తిరుగుతున్నప్పుడు చుక్కచుక్కగా కారడం సహజమే. ఆగి ఉన్నప్పుడు కారితే ప్యాకింగ్ చూడవలసిందే. పడవ అడుగున ఉండే బరువైన రెక్కను, అంటే కీల్‌ను, పట్టి ఉంచే బోల్టుల చుట్టూ తుప్పు చారలు లేవు. ఇక్కడంతా పొడిగా ఉంది.

ఇప్పుడు అసలు పని. బిల్జిని తుడిచి, గుడ్డతో ఒత్తి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. డెక్కుకు బిగించిన ప్రతి అమరిక కిందా, ప్రతి గోడ అంచునా పొడి ముగ్గుతో గీత గీశాను. రాతిముగ్గే వాడండి, బియ్యప్పిండి తడిస్తే జిగురై అంటుకుపోతుంది. నీరు పారితే ముగ్గు గీత తెగుతుంది, ఆ తెగినచోటి నుంచి తడి దారి పట్టుకుని పైకి వెళ్లవచ్చు.

బయట నా మిత్రుడు తోటపైపు పట్టుకున్నాడు. నీటి జోరు తక్కువగా ఉండాలి. జోరుగా కొడితే మామూలు వాన ఎన్నడూ దూరని సందుల్లోకి కూడా నీరు వెళ్లి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నాడు ఈ ఊళ్లో మూసిన కిటికీల సందుల్లోంచి వాన ఇళ్లలోకి వచ్చింది, అంతమాత్రాన ఆ కిటికీలన్నీ చెడిపోయినవి కావు. డెక్కు మీద దిగువన ఉన్న అమరికతో మొదలుపెట్టి, ఒక్కొక్కదాని మీద పది నిమిషాలు పోసి, ఆ తరువాతే పైదానికి వెళ్లాలి. పైనుంచి పోస్తే నీరు అన్నిటినీ తడుపుతూ దిగుతుంది, ఏది కారిందో తేలదు.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇది కుడివైపు రెయిలింగు స్తంభం అడుగున ఉన్న బోల్టు. నట్టు కింద గోధుమరంగు చార ఉంది, పాత కన్నీటి మరకలా. పైన నీరు పోయడం మొదలుపెట్టి ఆరు నిమిషాలైంది. మర చివర మెరుస్తున్నదాన్ని గమనించండి. ముందు చెమట పట్టినట్టు కనిపించింది, ఇప్పుడు బొట్టయింది, ఇదిగో, రాలింది. కింద ముగ్గు గీత తెగింది. జెట్టీ నుంచి పడవ ఎక్కేవారందరూ పట్టుకుని లాగేది ఈ స్తంభాన్నే, ఆ ఊపుకే దాని కింది సీలెంట్ విడిపోయింది.

పైన చుట్టూ సీలెంట్ పూసి వదలకండి. స్తంభాన్ని విప్పి తీయాలి. ముందు స్క్రూడ్రైవరు పిడితో డెక్కును తట్టి చూడాలి, సంతలో కుండను తట్టి కొన్నట్టే. ఖంగుమంటే ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్న చెక్క బాగుంది. మొద్దుగా పలికితే నానిపోయింది. ఇక్కడ ఖంగుమంటోంది, సంతోషం. బోల్టు రంధ్రాన్ని పెద్దది చేసి, బాగా ఆరాక చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ రంధ్రం వేయాలి. అప్పుడు సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు చెక్కను తాకదు. పాలీయురేథేన్ సీలెంట్ గాని, బ్యుటైల్ టేపు గాని వాడండి. సిలికోన్ వద్దు, అది ఒకసారి అంటిన చోట మరేదీ సరిగా అతకదు. బిగించేటప్పుడు పైన బోల్టు తలను కదలకుండా పట్టుకుని, కింద నట్టును మాత్రమే తిప్పాలి, లేకపోతే మర చుట్టూ పట్టిన సీలెంట్ చిరిగిపోతుంది.

అన్నీ ఇంత తేలికగా దొరకవు. పడవ ఒక పక్కకు వాలినప్పుడే కారేవి ఉంటాయి. వాటికోసం కొయ్య పైనుంచి తాడు లాగి పడవను కట్టినచోటే వాల్చి, నీరు పోసి చూడాలి.

నాలుగు రోజుల తరువాత మళ్లీ వచ్చాను. అదే స్తంభం మీద ఈసారి ఇరవై నిమిషాలు నీరు పోయించాను. నట్టు పొడిగా ఉంది, ముగ్గు గీత తెగలేదు. పైనున్న రెండో స్తంభానికి పైపు మారుస్తున్నాము.