పేస్టు కొత్తదే, వేడి మాత్రం తగ్గలేదు

వ్యాఖ్యాత: నమస్కారం. మే నెల వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కంప్యూటర్ మీద బతికేవాళ్లకి ఒకటే బాధ. పని మధ్యలో సిస్టం స్లో అయిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ప్రాసెసర్ వేడి గురించి, ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే కూలరుకీ మధ్య రాసే థర్మల్ పేస్టు గురించి చెప్పడానికి శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మెకానిక్ గారు స్టూడియోకి వచ్చారు. మొదటి ఫోను నరసన్నపేట నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే మాస్టారూ. నాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరండి. పది రోజులుగా ఫ్యాను ఒకటే హోరు. వీడియో చూసి నేనే థర్మల్ పేస్టు తెచ్చి రాశాను. రాశాక ఇంకా ఎక్కువైపోయింది. వేడి 98 డిగ్రీలు చూపిస్తోంది. రేపు పొద్దున్నే పిల్లలు అప్లికేషన్లకి వస్తారు, టెన్షన్‌గా ఉందండి.

మెకానిక్: కంగారు పడకండి బాబూ. ఏ ప్రాసెసర్? 98 ఎక్కడ చూశారు?

శ్రోత: ఇంటెల్ ఐ3, పదో తరం. డబ్బాలో వచ్చిన ఫ్యానే. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ప్రోగ్రాంలో చూశానండి.

మెకానిక్: సరైన చోటే చూశారు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేడి కనబడదు. చాలామంది అక్కడే వెతుకుతారు. మీ ప్రాసెసర్‌కి 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అందుకే స్లో అవుతోంది. ఒక్కటి చెప్పండి. ఆన్ చేశాక ఎంతసేపటికి 98 కి వెళ్తోంది?

శ్రోత: ఎంతసేపూ లేదండి. బ్రౌజర్ తెరిస్తే చాలు, పది సెకన్లలో 90 దాటేస్తోంది.

మెకానిక్: అదీ సంగతి. అరగంటకో గంటకో మెల్లగా పెరిగితే దుమ్మో, గాలి ఆడకపోవడమో అనుకోవాలి. సెకన్లలో ఎగిరిందంటే కూలరు ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనడం లేదు. దాని అడుగున ప్లాస్టిక్ కాగితం ఏమైనా ఉండిపోయిందా?

శ్రోత: లేదండి, పాత కూలరే.

మెకానిక్: నాలుగు మూలల్లో నల్ల పిన్నులుంటాయి కదా, బిగించేటప్పుడు నాలుగూ టక్‌మని వినబడ్డాయా?

శ్రోత: రెండు విన్నాను. మిగతావి... పైకి చూస్తే కూర్చున్నట్టే ఉన్నాయండి.

మెకానిక్: సిస్టం షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, కూలరు పట్టుకుని కొద్దిగా కదిపి చూడండి. మేం ఆగుతాం.

(కొన్ని క్షణాల తర్వాత)

శ్రోత: ఊగుతోందండి! కింద కుడి మూల పైకి లేచి ఉంది.

మెకానిక్: దొరికింది. ఇప్పుడు ఆ మూల నొక్కేసి ఊరుకోకండి, మధ్యలో గాలి చేరి ఉంటుంది. పేస్టు ఎందుకు రాస్తామో చెప్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది. ప్రాసెసర్ మూత, కూలరు అడుగు కంటికి అద్దంలా కనబడతాయి గానీ, రెండింటి మీదా సన్నని గీతలు, గుంతలు ఉంటాయి. వాటిలో గాలి ఉంటుంది. వేడిని మోయడంలో రాగికి 400 మార్కులు వేస్తే, మంచి పేస్టుకి 5 నుంచి 10, గాలికి 0.03 కూడా రాదు. అంటే పేస్టు గాలి కన్నా ఎన్నో రెట్లు మేలు, లోహం కన్నా చాలా తక్కువ. గోడకి రంగు వేసే ముందు లప్పం పెడతాం చూడండి, అలాగే ఇదీ. గుంతల వరకే ఉండాలి, మందంగా ఉంటే వేడికి అదే అడ్డం. మీరెంత రాశారు?

శ్రోత: ఒక గ్రాము ట్యూబు. దాదాపు అంతా రాసేశాను, పక్కలకి కారింది.

మెకానిక్: ఫర్వాలేదు. మామూలు బూడిద రంగు పేస్టుకి కరెంటు పారదు, తుడిచేస్తే సరిపోతుంది. లిక్విడ్ మెటల్ అని అమ్మేదాన్ని మాత్రం ముట్టుకోకండి. దానికి కరెంటు పారుతుంది, అందులోని గాలియం అల్యూమినియంని తినేస్తుంది. ఇంకో చిన్న ట్యూబు తెప్పించుకోండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా. పీచు రాలని గుడ్డని ఆ ఆల్కహాల్‌తో తడిపి, ప్రాసెసర్ మీదా కూలరు అడుగునా పాతది పూర్తిగా తుడవండి. ఆరాక మధ్యలో కందిగింజంత పెట్టండి. వేలితో పులమొద్దు, కూలరు ఒత్తిడికి అదే పరుచుకుంటుంది.

శ్రోత: పిన్నులు మళ్లీ లేవకుండా ఏటి చెయ్యాలండి?

మెకానిక్: పిన్ను తల మీద బాణం గుర్తు ఉంటుంది. విప్పడానికి ఆ దిక్కుకి తిప్పి పైకి లాగాలి. మళ్లీ పెట్టే ముందు నాలుగింటినీ వెనక్కి తిప్పుకోండి. వీలైతే బోర్డు బయటికి తీసి బల్ల మీద పడుకోబెట్టి, ఒక మూల, దానికి ఎదురు మూల, అలా నొక్కండి. నాలుగు టక్‌లు వినాలి. వెనక నాలుగు కొసలూ బయటికొచ్చాయో లేదో చూడాలి. ఇక్కడ బద్ధకించొద్దు బాబూ. పేస్టు మంచిది కాదని నా దగ్గరికి తెచ్చిన సిస్టముల్లో చాలావాటికి పిన్నే సరిగ్గా పడదు.

వ్యాఖ్యాత: రాజాం నుంచి ఇంకొకరు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండి. రైసు మిల్లులో లెక్కలు చూస్తాను. మాది పొద్దున్న 50 ఉంటుంది, మధ్యాహ్నానికి మెల్లగా 88 అవుతుంది. పేస్టు మార్చాలా?

మెకానిక్: మెల్లగా అన్నారు కాబట్టి ముందు దుమ్ము చూడాలమ్మా. మిల్లు కదా, తౌడు ధూళి కూలరు రేకుల మధ్య గడ్డకట్టి ఉంటుంది. ప్లగ్ తీసి, ఫ్యాను రెక్కలు వేలితో కదలకుండా పట్టుకుని, బ్రష్‌తో, చిన్న బ్లోయరుతో దులిపించండి. మిల్లు కంప్రెసరు గాలి, పంక్చరు షాపు గాలి మాత్రం కొట్టించొద్దు. ఆ గాలిలో నీటి తుంపర, ఆయిలు ఉంటాయి, జోరు కూడా ఎక్కువ. దులిపాక కూడా తగ్గకపోతే అప్పుడు పేస్టు.

వ్యాఖ్యాత: చివరి ఫోను బొబ్బిలి నుంచి. చెప్పు బాబూ.

శ్రోత: అన్నా, నాది రైజెన్ 5 3600. గేమ్ ఆడితే 78 వస్తోంది. మా ఫ్రెండుకి అదే ప్రాసెసర్, అదే గేమ్, 65 దాటదు. ఇప్పుడు కూలరు విప్పి పేస్టు మారుద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నాను.

మెకానిక్: ఆగు ఆగు. మీ ఫ్రెండు గదిలో ఏసీ ఉందా?

శ్రోత: ఉందన్నా. 25లో పెడతాడు.

మెకానిక్: మీ గదిలో?

శ్రోత: ఫ్యానే. 36 ఉంటుంది.

మెకానిక్: ఇప్పుడు తీసివెయ్యి. నీది 78 లోంచి 36 తీస్తే 42. వాడిది 65 లోంచి 25 తీస్తే 40. ఇద్దరి కూలర్లూ ఒక్కలాగే పనిచేస్తున్నాయి, తేడా అంతా గదిదే. కూలరు గదిలో గాలినే వాడుకుంటుంది. గది కన్నా చల్లగా అది ప్రాసెసర్‌ని చెయ్యలేదు. నీ ప్రాసెసర్ హద్దు 95. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు నాన్నా.

శ్రోత: అంటే విప్పొద్దా?

మెకానిక్: ఇప్పుడు అక్కర్లేదు. ఎప్పుడైనా విప్పాల్సొస్తే మాత్రం పది నిమిషాలు గేమ్ నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, ప్లగ్ తియ్యి. స్క్రూలు తీశాక కూలరుని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఊడదియ్యి. నిలువుగా లాగితే ఎండిన పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడొస్తుంది. దాని అడుగునంతా సన్నని పిన్నులే. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమర్ ప్రాసెసర్ అలాగే లాగేసి, పిన్నులు వంచేసి, సొంత డబ్బుతో కొనిచ్చాను.

శ్రోత: మరి పేస్టు పోయిందని ఎలా తెలుస్తుందన్నా?

మెకానిక్: ఆ 42 గుర్తుంచుకో. అదే గేమ్, అంతేసేపు ఆడి, నెలకోసారి గది వేడి తీసి చూడు. అది 55 దాటి, దుమ్ము దులిపినా దిగకపోతే అప్పుడు మార్చు.

శ్రోత: కేబినెట్ మీదే రాసేస్తున్నానన్నా, మే నెల, 42.