ప్రోస్టేట్ వాపు: కోత లేని చికిత్స అడిగే ముందు స్కానింగ్ కాగితం చూడండి

అందరికీ నమస్కారం. సోంపేట నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ళ నాన్నగారికి 72 ఏళ్ళు. రాత్రి ఐదారుసార్లు ఒంటికి లేస్తున్నారు. టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నా తగ్గడం లేదు. "అన్నా, ఆవిరి పెట్టి ప్రోస్టేట్ తగ్గించేస్తారట కదా, కోతా కుట్లూ ఉండవట, పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చట. హైదరాబాద్ తీసుకెళ్ళి చేయించేయమంటావా?" అని అడిగాడు.

స్కానింగ్ కాగితం ఉందా తమ్ముడూ అని అడిగాను. ఫోటో పంపాడు. వాళ్ళని అడిగి, పేరూ వివరాలూ తీసేసి తెరమీద పెడుతున్నాను, చూడండి.

ఇదిగో, ప్రోస్టేట్ అన్న చోట 92 గ్రాములు అని ఉంది. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి బ్లాడర్ (మూత్రసంచి) కింద, మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి, అది పెరిగితే ఆ దారికి అడ్డం పడుతుంది. కుర్ర వయసులో ఇది 20 గ్రాముల దగ్గర ఉంటుంది. దాని కింద పీవీఆర్ అని మూడక్షరాలు, పక్కన 210 ఎం.ఎల్. అంటే ఆయన మూత్రం పోసి వచ్చాక కూడా బ్లాడర్‌లో అంత మిగిలిపోతోంది. పడుకున్న గంటకే మళ్ళీ లేవాల్సి రావడానికి అదే కారణం. ఇంకా కిందికి వస్తే బ్లాడర్ గోడ మందంగా ఉందని రాశారు. అడ్డం దాటించడానికి ఏళ్ళ తరబడి ముక్కీ ముక్కీ ఆ కండ అలా మందమైంది. ఆ ఇంట్లో ఈ మూడు ముక్కలూ ఎవరూ చదవలేదు. "ప్రోస్టేట్ వాచింది" అన్న మాట విని, మాత్ర రాయించుకుని వచ్చేశారు.

ఏ చికిత్స మంచిది అన్న ప్రశ్నకి సగం జవాబు ఆ కాగితం మీదే ఉంది. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే.

ముందు ఈ కోత సంగతి తేల్చుకుందాం. మన పెద్దవాళ్ళకి ప్రోస్టేట్ ఆపరేషన్ అనగానే బొడ్డు కింద పొట్ట కోయడం గుర్తొస్తుంది. వాళ్ళ నాన్నలకీ పెదనాన్నలకీ అలాగే చేశారు. ఇప్పుడు ఎక్కువగా చేసే టీయూఆర్‌పీకి బయట కోతే ఉండదు. వెన్నుకి మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, అడ్డం ఉన్న భాగాన్ని లోపలే ముక్కలు ముక్కలుగా తీసేస్తారు. హోలెప్ అనే లేజర్ ఆపరేషన్ కూడా ఆ దారిలోనే. నారింజ తొక్కలోంచి లోపలి గుజ్జు మొత్తం వలిచి తీసినట్టు, పెరిగిన భాగాన్ని పూర్తిగా వలిచి, బ్లాడర్‌లోకి తోసి, అక్కడ ముక్కలు చేసి బయటికి లాగేస్తారు. కాబట్టి "కోత లేదు" అన్న ఒక్క మాట విని ఎవరూ హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన పని లేదు.

ఇక ఆవిరి. రెజూమ్ అంటారు, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. సూదిలోంచి ఒక్కో చోట 9 సెకన్లు వేడి ఆవిరి పంపుతారు. ఆ కణాలు చచ్చిపోతాయి, శరీరం వాటిని మెల్లమెల్లగా పీల్చేసుకుంటుంది. సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు, నిజమే. ఆ వెంటనే లోపల వాపు వస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. కొన్ని రోజులు పైపు ఉంచుకోవాలి, మంట ఉంటుంది, మొదట్లో ఇబ్బంది పెరిగినట్టే అనిపిస్తుంది. పూర్తి ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. పైగా దీన్ని ముఖ్యంగా 30 నుంచి 80 గ్రాముల మధ్య ఉన్న ప్రోస్టేట్‌ల మీద పరీక్షించారు. మన సోంపేట నాన్నగారిది 92. అందుకని నేను చెప్పింది, తమ్ముడూ, ఆవిరి మాట పక్కన పెట్టి, లేజర్ చేసే యూరాలజిస్టుని, అంటే మూత్రవ్యాధుల డాక్టరుని కలిసి ఆ సైజు చూపించు, ఆఖరి మాట ఆయనది అని.

యూరోలిఫ్ట్ ఇంకో పద్ధతి. 2013లో అమెరికాలో అనుమతి పొందింది. ఇందులో దేన్నీ కొయ్యరు, కాల్చరు. అడ్డం వచ్చిన భాగాన్ని చిన్న చిన్న క్లిప్పులతో పక్కకి లాగి కట్టేస్తారు. మధ్య భాగం బ్లాడర్‌లోకి పొడుచుకొచ్చిన వాళ్ళకి ఇది అంతగా కుదరదు. ఆపరేషన్ థియేటర్‌తో పని లేనిది ఇంకోటుంది, మణికట్టులోంచో గజ్జలోంచో సన్నటి ట్యూబు పంపి ప్రోస్టేట్‌కి రక్తం ఇచ్చే నాళాలని మూసేస్తారు. ఇది చేసేది యూరాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే స్కానింగ్ తెర చూస్తూ ట్యూబులతో చికిత్స చేసే డాక్టరు. గుండె బలహీనంగా ఉండి మత్తు తట్టుకోలేని పెద్దవాళ్ళకి దీని గురించి అడగడం మంచిది.

ఆవిరికీ క్లిప్పులకీ ఒక గట్టి లాభం ఉంది, వీర్యం సంగతి. టీయూఆర్‌పీ, లేజర్ అయ్యాక చాలామందికి వీర్యం బయటికి రాదు, వెనక్కి బ్లాడర్‌లోకి వెళ్ళి మూత్రంతో పోతుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు. మగతనం పోవడం అంటే ఇది కాదు, ఆ రెండూ కలిపేసుకుని భయపడకండి. అయినా అది వద్దనుకునేవాళ్ళు ఉంటారు, 60 దాటినా ఉంటారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వాళ్ళకి ఆవిరీ క్లిప్పులూ బాగా పనికొస్తాయి. బదులుగా వదులుకునేది కూడా తెలియాలి. ధార మెరుగుపడటం టీయూఆర్‌పీ అంత ఉండదు, కొన్నేళ్ళకి మళ్ళీ చేయించుకోవాల్సి వచ్చేవాళ్ళు ఎక్కువ. పరికరం ఒక్కసారికే పనికొస్తుంది, అందుకే ఖర్చూ ఎక్కువ. ఇంకొకటి, టీయూఆర్‌పీలో, లేజర్‌లో తీసిన ముక్కని బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకి పంపుతారు. ఆవిరిలో, క్లిప్పుల్లో పంపడానికి ముక్కే ఉండదు. ఈ వాపు క్యాన్సర్‌గా మారదు, కానీ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. కాబట్టి ముందే పీఎస్ఏ రక్తపరీక్ష అయిందో లేదో చూసుకోండి. ప్రోస్టేట్‌కి ఇచ్చే డ్యూటాస్టెరైడ్ మాత్ర నెలల తరబడి వాడేవాళ్ళలో ఆ అంకె సగానికి పడిపోతుంది, ఆ మాత్ర సంగతి డాక్టరుకి చెప్పాలి.

ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడైనా సరే. మన దగ్గర రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే అంకె, పెరిగిందంటే చాలు, ఇంట్లో అందరూ కూలబడిపోతారు. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందిని పోగొట్టుకున్నామో మనకి తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చిందంటే ఆ బాధ వల్లే. కానీ పెద్దవయసు మగవాళ్ళలో క్రియాటినిన్ పెరగడానికి ప్రోస్టేట్ అడ్డం కూడా ఒక కారణం. బ్లాడర్ నిండిపోయి, ఆ ఒత్తిడి పైకి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బుతాయి. స్కానింగ్‌లో అది కనిపిస్తుంది. త్వరగా పైపు వేసి మూత్రం తీసేస్తే చాలామందికి క్రియాటినిన్ దిగుతుంది. ఆలస్యమైతే పూర్తిగా దిగదు. దయచేసి, మీ నాన్నకో తాతకో క్రియాటినిన్ ఎక్కువొస్తే, ఇది మన ఉద్దానం కిడ్నీ జబ్బే అని తేల్చేసుకోకండి. మూత్రం పోసిన తర్వాత ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ చేయించండి.

రాత్రి లేవలేక పగలంతా నీళ్ళు మానేసేవాళ్ళు ఉన్నారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ బస్సు ఎక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే గ్లాసు ముట్టరు. ఎండల్లో జీడితోటలో పనిచేసే మనిషి అలా చేస్తే కిడ్నీకి అదో దెబ్బ. పగలు తాగండి. చీకటి పడ్డాక తగ్గించండి, రాత్రి టీ మానేయండి.

జలుబు చేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కొన్ని, సిరప్‌లు కొన్ని ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్ళకి రాత్రికి రాత్రి మూత్రం బంద్ చేసేస్తాయి. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి, చుక్క కూడా రాకపోతే తెల్లారే దాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయండి. కళ్ళ క్యాంపులో శుక్లాల ఆపరేషన్‌కి పేరిచ్చిన పెద్దాయన టామ్సులోసిన్ వాడుతుంటే, లేదా ఎప్పుడైనా వాడి ఉంటే, కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగ్గా విచ్చుకోక ఇబ్బందవుతుంది. ముందే తెలిస్తే వాళ్ళు జాగ్రత్త తీసుకుంటారు.

కొడుకు అడిగితే నాన్న చెప్పరు. అల్లుడితో అసలే చెప్పరు. బావమరిదో, ఈడు స్నేహితుడో అడిగితే చెప్తారు, వాళ్ళని తోడు తీసుకెళ్ళండి. వేసుకునే మాత్రల అట్టలన్నీ సంచిలో పెట్టుకోండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలుంటే ముందుగా చూపించండి, మీ అంతట మీరు ఆపకండి. ఆరోగ్య పథకం కార్డుంటే, ఆసుపత్రిలో వైద్యమిత్ర కౌంటర్ దగ్గర ఆగి, డాక్టరు రాసిన ఆపరేషన్ అందులో ఉందో లేదో అడ్వాన్స్ కట్టకముందే కనుక్కోండి.