గాలిపటానికి తాళంచెవి

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతికి రెండు రోజుల ముందు, చిక్కడపల్లిలో మా డాబా మీద మనవడు గాలిపటానికి తోక కడుతున్నాడనుకుని దగ్గరికెళ్లాను. తోక కాదు. పొద్దుట్నుంచీ మా ఆవిడ ఇల్లంతా వెతుకుతున్న బీరువా తాళంచెవి. "ఏంట్రా ఇది?" అంటే, "కరెంటు వస్తుందేమో చూస్తున్నా తాతయ్యా" అన్నాడు. పిట్టగోడకు నాలుగడుగుల దూరంలోనే కరెంటు తీగలు. నాకు గుండె ఆగినంత పనైంది.

వాడికి తొమ్మిదేళ్లు. పాతకాలపు ఆవిష్కరణల మీద పిల్లల కోసం తీసిన ఒక సీరీస్ ముందురోజే చూశాడు. 1752లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో చేసిన ప్రయోగం అందులో ఉంది. బొమ్మల్లో ఫెళ్లున పిడుగు పడుతుంది, తాళంచెవి తళుక్కుమంటుంది, ఆయన నవ్వుతాడు. తర్వాత పాట.

నిజానికి ఆ గాలిపటం మీద పిడుగు పడలేదు. పడి ఉంటే ఫ్రాంక్లిన్ మిగిలేవాడే కాదు. మబ్బుల్లోని విద్యుత్తు తడిసిన దారం వెంట తాళంచెవి దాకా దిగింది. ఆయన మాత్రం వానకు తడవని చోట నిలబడి, పొడిగా ఉన్న సిల్కు రిబ్బను పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిక్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుముల వేళ ప్రయోగం చేస్తూ పిడుగుపాటుకు చనిపోయాడు. సీరీస్‌లో ఆయన ఊసే లేదు. పిల్లలు భయపడతారనుకున్నారేమో. శవాన్ని చూపించమని ఎవరడిగారు? ఒక్క మాట చెప్తే మా తాళంచెవి బీరువాకే ఉండేది.

మా కోడలు టీవీ కట్టేద్దామంది. నేనే వద్దని, మిగతా భాగాలు వాడి పక్కన కూర్చుని చూశాను. ఓటీటీలో ఓ మూలన 7 ప్లస్ అని వేస్తారే, దాన్నిబట్టి హింస, బూతులు ఏపాటివో తెలుస్తుంది గానీ, పిల్లవాడి బుర్రకు ఏం ఎక్కుతుందో తెలియదు.

ఆవిరి యంత్రం భాగం మీద నాకు ఆశ లేదు. కెటిల్ మూత ఎగరడం చూసి జేమ్స్ వాట్ యంత్రం కనిపెట్టాడనే పాత కథే చెప్తారనుకున్నాను. చెప్పలేదు. 1712 నాటికే న్యూకొమెన్ అనే ఆయన చేసిన ఆవిరి యంత్రం గనుల్లో నీళ్లు తోడుతోందని మొదలుపెట్టారు. దాని నమూనాను గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వాట్ బాగుచేయబోయి, ఒకే సిలిండర్‌ను ప్రతిసారీ వేడి చేసి మళ్లీ చల్లార్చడంలో ఆవిరంతా దండగవుతోందని గమనించాడు. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెడితే పోలా అని 1765లో తట్టింది. దీన్ని తాపీగా, రెండు మూడుసార్లు చూపించారు. "అంటే తాతయ్యా, ఇడ్లీ వాయి వాయికీ పాత్ర కడిగి చల్లార్చి మళ్లీ పెట్టినట్టా?" అన్నాడు మనవడు. దాదాపు అంతే.

అందుకే, సీరీస్ పనికొస్తుందా లేదా అనడిగితే భాగాన్ని బట్టి చెప్తాను. 'ఎవరు' కన్నా 'ఎలా' అన్నదానికి ఎక్కువ సమయమిచ్చిన భాగాలు ఈ వయసుకు బాగున్నాయి. గాలిపటం భాగం మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా చూపించకండి. వాడి ఐదేళ్ల చెల్లెలికి ఇవేవీ అక్కర్లేదు, అది వాట్ జుట్టు చూసి నవ్వడంతోనే సరిపెట్టింది.

ఆ ఆదివారం పిల్లలిద్దరినీ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడి గడియారం మీకు తెలిసిందే. పన్నెండు కావస్తుంటే జనం ముందు జాగా కోసం తోసుకుంటున్నారు. చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే అందరూ లెక్కపెడుతున్నారు. మనవడు లెక్కపెట్టలేదు. మెడ వంచి గడియారం పక్కనుంచి లోపలికి చూడబోయాడు.

"తాతయ్యా, టైమైందని ఆ బొమ్మకి ఎవరు చెప్తారు?"

గడియారాల భాగం ఇంకా చూడాల్సి ఉంది. ఈసారి పక్కన కూర్చోమని వాడే నన్ను అడిగాడు.

నమస్కారం.