బండి చేతులు మారితే టైరు వారంటీ ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ కార్లు అనంతపురానికి రావడం కొత్తేమీ కాదు. 44వ నంబరు హైవే ఎక్కితే నేరుగా ఇంటికే. బేరం దగ్గర అమ్మేవాడు చక్రాన్ని కాలితో తట్టి, "టైర్లు మొన్న మార్పించిందే ప్పా, వారంటీ కూడా ఉంది" అంటాడు. ఆ ఒక్క మాటకే రేటు పెంచి కొనేవాళ్లున్నారు. ఇంతకీ ఆ వారంటీ మీకు వస్తుందా?

కారు కంపెనీ ఇచ్చే వారంటీలో మామూలుగా టైర్లు ఉండవు. వాటి పూచీ టైరు తయారుచేసిన కంపెనీదే. షరతులు అందరివీ ఒక్క తీరుగా ఉండవు. కొన్నిట్లో మొదట కొన్న మనిషికే అని, అదీ మొదట బిగించిన బండి మీద ఉన్నంతవరకే అని రాసి ఉంటుంది. అలాంటప్పుడు బండి మీ చేతికి రావడంతోనే వారంటీ పోయినట్టు. అలా రాయని చోట కూడా ముందు అడిగేది బిల్లే. అందుకని డబ్బు లెక్కపెట్టకముందే టైర్ల బిల్లు, వారంటీ కార్డు ఇప్పించుకోండి. బిల్లులో టైరు నంబర్లు ఉంటే బండి పక్కన గొంతుక్కూర్చుని సరిచూసుకోండి, మొహమాటం వద్దు.

కూర్చున్నప్పుడే టైరు పక్కభాగం మీద డీఓటీ అన్న అక్షరాలు వెతకండి. ఆ వరస చివర నాలుగంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. బయటివైపు పూర్తిగా కనిపించకపోతే లోపలివైపు చూడాలి. మార్పించింది మొన్నే కావచ్చు, టైరు వయసు మాత్రం అక్కడ దాగదు.

వారంటీ వచ్చినా తయారీ లోపానికే. రాయి కోసినా, గుంతలో పడి సైడు ఉబ్బినా, అలైన్‌మెంట్ తప్పి ఒకపక్కే అరిగినా కంపెనీ ఒప్పుకోదు. తాడిపత్రి బండల క్వారీల వైపు తిరిగే బండ్లకు ఈ కోతలు మామూలే. పాత ఓనరు గాలి చూసుకోకుండా నడిపిన పాపం కూడా మీ ఖాతాలోకే వస్తుంది. లోపం తేలినా సగం అరిగిన టైరుకు కొత్తది ఊరికే రాదు. అరిగిన మేరకు డబ్బు కట్టాల్సిందే. గాడుల్లో అరుగుదల గుర్తుగా ఉండే చిన్న గట్లతో టైరు పైబటన్లు సమానమైతే, అంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే, ఇక అడగడానికేం లేదు.

కంపెనీ కాదన్నది అన్యాయమనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న మనిషే కాదు, అతని సమ్మతితో వాడుకునే మనిషీ వినియోగదారుడే. రెండో ఓనరుకు ఇదో ఆసరా. షరతుల్లో స్పష్టంగా రాసినదాన్ని ఇది చెరిపేస్తుందని మాత్రం అనుకోవద్దు. సొంతంగా బాడుగ కారు నడుపుకుని బతికేవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. బెంగళూరుకు తిరగక్కర్లేదు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ మనిషి కుదరదంటే ఆ మాట రాతలో తీసుకోండి. ఆ టైరును పంక్చర్ షాపులో వదిలేసి రావద్దు, కమిషన్ ముందు చూపించాల్సింది దాన్నే.